మెనూ నొక్కే స్క్రిప్టు: నొక్కడం తేలికే, జవాబు రాబట్టడమే కష్టం

ఫైల్ మెనూ తెరవడం, ఎక్స్‌పోర్ట్ మీద నొక్కడం, పేరు కొట్టడం, ఓకే అనడం. ఒక్క ఫైలుకైతే ఇది పనిలాగే అనిపించదు. అదే మూడొందల ఫైళ్లకు చేయాల్సి వస్తే ఎవరికైనా ముందు తట్టేది ఒకటే, దీన్ని స్క్రిప్టుకి, అంటే పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాముకి, అప్పగించేస్తే పోలా అని. అప్పగించొచ్చు. మెనూలో ఉన్న కమాండ్‌ని మనిషి చెయ్యి పడకుండా నడిపించడానికి విండోస్‌లో, మాక్‌లో, లినక్స్‌లో ఒకటికి నాలుగు దారులున్నాయి. చిక్కెక్కడంటే, వీటిలో చాలా దారులు మెనూని నొక్కి చేతులు దులుపుకుంటాయి, ఆ తర్వాత ఏమైందో చెప్పవు. స్క్రిప్టు ఒక్క ఎర్రర్ కూడా లేకుండా ముగుస్తుంది, ఫోల్డర్లో చూస్తే ఫైలుండదు. అందుకని ఏ పద్ధతి మంచిదో తేల్చేటప్పుడు కోడ్ ఎంత చిన్నదో, ఎంత వేగంగా నడుస్తుందో చూసేకంటే, పని అయ్యిందా లేదా అన్న కబురు అది వెనక్కి తెస్తుందా అని చూడటం నయం.

ముందు మెనూ లోపల ఏముంటుందో చూద్దాం. విండోస్‌లో పాత పద్ధతిలో కట్టిన ప్రోగ్రాముల్లో, మెనూలోని ప్రతి ఐటమ్‌కీ ఒక అంకె ఉంటుంది, దాన్నే కమాండ్ ఐడీ అంటారు. 'సేవ్ యాజ్' అన్న అక్షరాలు మన కళ్ల కోసం, ప్రోగ్రాముకి వాటితో పనిలేదు. ఐటమ్ మీద నొక్కగానే ఆ విండోకి డబ్ల్యూఎం కమాండ్ అనే మెసేజ్ వెళ్తుంది, దాని నంబరు 273. మెసేజ్‌తో పాటు డబ్ల్యూపారమ్ అనే విలువ ఒకటి పోతుంది. అందులో కింది 16 బిట్లలో కమాండ్ ఐడీ, పై 16 బిట్లలో ఆ కమాండ్ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిపే అంకె ఉంటాయి: మెనూ నుంచైతే 0, కీబోర్డ్ షార్ట్‌కట్ నుంచైతే 1. ప్రోగ్రాములో మెసేజ్‌లు అందుకునే విండో ప్రొసీజర్ అనే భాగం ఐడీ చూసి, దానికి కట్టిపెట్టిన ఫంక్షన్ని పిలుస్తుంది. మౌస్ కదిలిందా, మెనూ నిజంగా తెరుచుకుందా అన్నది ఆ ఫంక్షన్‌కి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కాబట్టి బయటి నుంచి ఇంకో ప్రోగ్రాము అదే మెసేజ్‌ని అదే విండోకి పంపినా పని జరిగిపోతుంది.

పంపడం ఎలా అంటే, దానికి కావలసిన ఫంక్షన్లన్నీ యూజర్32 అనే డీఎల్ఎల్‌లో (విండోస్‌తో వచ్చే ఫంక్షన్ల ఫైలు) ఉన్నాయి. ఫైండ్‌విండోతో విండో హ్యాండిల్ (ఆ విండోకి విండోస్ ఇచ్చే గుర్తింపు అంకె) పట్టుకోవాలి, గెట్‌మెనూతో దాని మెనూ బార్, గెట్‌సబ్‌మెనూతో అందులో ఫలానా మెనూ, గెట్‌మెనూఐటమ్‌ఐడీతో ఐటమ్ ఐడీ. స్థానాల లెక్క 0 నుంచి మొదలవుతుంది, మధ్యలో ఉండే విభజన గీతలు కూడా లెక్కలోకి వస్తాయి, కొత్తవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. పైథాన్లో సీటైప్స్ మాడ్యూల్ ఉంటే చాలు, వేరే లైబ్రరీ అక్కర్లేకుండా ఇవన్నీ పిలవొచ్చు. ఇంత కూడా వద్దనుకునేవాళ్లకి, విండోస్ పనులకి స్క్రిప్టులు రాసుకునే ఆటోహాట్‌కీలో మెనూసెలెక్ట్ అని ఒక్క లైను ఫంక్షన్ ఉంది, విండో పేరు, 'ఫైల్', 'ఓపెన్' అని ఇస్తే ఈ వెతుకులాటంతా అదే చేసుకుంటుంది. ఐటమ్ దొరక్కపోతే ఎర్రర్ ఇస్తుంది, అది పెద్ద మేలు. దొరికి, మెసేజ్ వెళ్లాక ఏమైందన్నది మాత్రం దానికీ తెలియదు.

వీటిని చాలామంది సిస్టమ్ కాల్స్ అనేస్తుంటారు. నిక్కచ్చిగా చెప్పాలంటే యూజర్32 ఫంక్షన్లు ఏపీఐ, అంటే ప్రోగ్రాములు పిలవడానికి పెట్టిన పైపొర మాత్రమే, అసలు కెర్నల్‌లోకి, అంటే సిస్టమ్ గుండెలోకి, దిగే పిలుపు వాటి అడుగున 'విన్32కే' అనే భాగం దగ్గర జరుగుతుంది. వాడేవాళ్లకి దీనివల్ల వచ్చే తేడా ఏమీ లేదు గనక దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

మెసేజ్ పంపడానికి రెండు ఫంక్షన్లున్నాయి. సెండ్‌మెసేజ్, పోస్ట్‌మెసేజ్. చూడ్డానికి కవలల్లా ఉంటాయి, ప్రవర్తన పూర్తిగా వేరు. సెండ్‌మెసేజ్ వాడితే అవతలి ప్రోగ్రాము ఆ పని పూర్తిచేసేదాకా మన స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. వినడానికి ఇదే మంచిదనిపిస్తుంది కదా, పూర్తయ్యాకే ముందుకు కదులుతుంది గదా అని. కానీ 'సేవ్ యాజ్' లాంటి కమాండ్ నొక్కితే డైలాగ్ బాక్స్ తెరుచుకుంటుంది, ఆ డైలాగ్ మూసేదాకా సెండ్‌మెసేజ్ తిరిగి రాదు. డైలాగ్‌లో పేరు నింపి ఓకే నొక్కాల్సింది మన స్క్రిప్టే, అదేమో సెండ్‌మెసేజ్ దగ్గర నిలబడిపోయి ఉంది. డైలాగ్ స్క్రిప్టు కోసం చూస్తుంటుంది, స్క్రిప్టు డైలాగ్ కోసం చూస్తుంటుంది, ఎవరైనా వచ్చి క్యాన్సిల్ కొట్టేదాకా రెండూ అలాగే ఉంటాయి. అందుకే డైలాగ్ తెరిచే కమాండ్లకి పోస్ట్‌మెసేజ్ వాడతారు, అది మెసేజ్‌ని వరసలో పడేసి వెంటనే వచ్చేస్తుంది. అప్పుడది 'సరే' అని చెప్పేది వరసలో పడేశాను అన్నంత వరకే.

పోనీ డైలాగ్ రాని కమాండ్లకి సెండ్‌మెసేజ్ ఇచ్చే జవాబు నమ్మొచ్చా? అదీ లేదు. డబ్ల్యూఎం కమాండ్ని అందుకుని పనిచేసిన ప్రోగ్రాము 0 తిరిగివ్వాలని నియమం. ఆ ఐడీ ఏంటో తెలియని ప్రోగ్రాము మెసేజ్‌ని డిఫాల్ట్ ప్రొసీజర్‌కి వదిలేస్తే, అదీ 0నే ఇస్తుంది. పని అయినా సున్నా, కాకపోయినా సున్నా. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే చాలా రాత్రిళ్ల డీబగ్గింగ్ తప్పుతుంది.

దీనికి తోడు మసకబారిన ఐటమ్‌ల గొడవ ఒకటుంది. క్లిప్‌బోర్డ్ ఖాళీగా ఉంటే పేస్ట్ అన్నది బూడిద రంగులో కనిపిస్తుంది, మనిషి నొక్కలేడు. చాలా ప్రోగ్రాములు ఈ మసకబార్చే పనిని మెనూ తెరుచుకునే క్షణంలో చేస్తాయి, అప్పుడు వచ్చే మెసేజ్‌ని చూసి ఏది వెలగాలో ఏది ఆరాలో సరిచేస్తాయి. స్క్రిప్టు మెనూని అసలు తెరవనే తెరవదు కదా, కాబట్టి దానికి కనిపించే స్థితి ఎప్పటిదో పాతది. పైగా సాదా విన్32 (పైన చెప్పిన పాత పద్ధతి) ప్రోగ్రాముల్లో మసకబారిన కమాండ్ ఐడీని పంపినా నేరుగా లోపలికి వెళ్లిపోతుంది, ఆ ఫంక్షన్ రాసినవాళ్లు 'ఇది ఆరిపోయినప్పుడు ఎవరూ నొక్కలేరులే' అనుకుని తనిఖీ పెట్టకపోతే ప్రోగ్రాము కూలిపోవచ్చు కూడా. ఎంఎఫ్‌సీ లైబ్రరీతో కట్టినవి ఈ విషయంలో జాగ్రత్తపరులు, కమాండ్ వచ్చాక అది ఇప్పటికీ వాడుకలో ఉందా అని ఇంకోసారి చూసుకుని, లేకపోతే గప్‌చుప్‌గా వదిలేస్తాయి. వదిలేసిన సంగతి మనకి చెప్పవు, అది వేరే విషయం.

ఇదంతా ప్రోగ్రాముకి అసలు మెనూ అనేది ఉన్నప్పటి సంగతి. ఆఫీస్ 2007తో మెనూల బదులు బటన్ల పట్టీ, అంటే రిబ్బన్, వచ్చింది, దానికి గెట్‌మెనూ కొడితే ఏమీ రాదు. విండోస్ 11లోని కొత్త నోట్‌ప్యాడ్‌దీ అదే పరిస్థితి, ఎన్నో ట్యుటోరియళ్లలో మొదటి ఉదాహరణగా ఉన్న ప్రోగ్రామే ఇప్పుడు ఆ పద్ధతికి లొంగదు. వెబ్ పేజీల పద్ధతిలో ప్రోగ్రాములు కట్టే ఎలక్ట్రాన్‌తో కట్టినవాటిలో ఇంకో వింత. వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌నే తీసుకుంటే, విండోస్‌లో దాని మెనూ మామూలుగా వెబ్ పేజీలోలాగా గీసిన బొమ్మ, మాక్‌లో మాత్రం పైన ఉండే అసలైన మెనూ బార్. ఒకే ప్రోగ్రాము, ఒకే కమాండ్, ఒకచోట స్క్రిప్టుకి దొరుకుతుంది, ఇంకోచోట దొరకదు.

అలాంటప్పుడు ఆదుకునేది యాక్సెసిబిలిటీ దారి. కంటిచూపు లేనివాళ్లకి స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ల కోసం ప్రతి సిస్టమ్‌లోనూ ఒక ఏర్పాటు ఉంది. విండోస్‌లో మొదట 1997లో యాక్టివ్ యాక్సెసిబిలిటీ వచ్చింది, తర్వాత విస్టా కాలంలో యూఐ ఆటోమేషన్. స్క్రీన్ మీదున్న ప్రతి బటన్, మెనూ, డబ్బా ఒక చెట్టులాగా కనిపిస్తాయి, ఒక్కోదాన్ని ఏమేం చేయొచ్చో ప్యాటర్న్ల రూపంలో చెబుతాయి. బటన్‌కి ఇన్వోక్ ఉంటుంది, సబ్‌మెనూ ఉన్న ఐటమ్‌కి ఎక్స్‌పాండ్-కొలాప్స్ ఉంటుంది. పైథాన్లో పైవిన్‌ఆటో లైబ్రరీ రెండు దారులూ ఇస్తుంది, పాత విన్32 బ్యాకెండ్ ఒకటి, యూఐ ఆటోమేషన్ వాడే యూఐఏ బ్యాకెండ్ ఒకటి. ఏ ప్రోగ్రాముకి ఏది పనిచేస్తుందో రెండూ పెట్టి చూడటమే. ఒక మెలిక ఉంది, చాలా ప్రోగ్రాముల్లో పై మెనూని విప్పేదాకా లోపలి ఐటమ్‌లు ఆ చెట్టులో పుట్టనే పుట్టవు. 'ఫైల్' విప్పి, కాసేపు ఆగి, అప్పుడు 'ఎక్స్‌పోర్ట్' కోసం వెతకాలి, నేరుగా వెతికితే లేదంటుంది.

మరి ఇన్వోక్ అయినా జవాబిస్తుందా? ఇవ్వదు. ఇన్వోక్ ఎక్కడా ఆగకుండా వెంటనే తిరిగి రావాలన్నది దాని నియమాల్లోనే ఉంది. నొక్కాను అని మాత్రమే చెబుతుంది. నిజానికి ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు, స్క్రీన్ రీడర్ ముందు మనిషి కూర్చుని ఉంటాడు, నొక్కిన తర్వాత ఏమైందో ఆయనే వింటాడు. ఆ మనిషిని తీసేసి స్క్రిప్టుని కూర్చోబెట్టింది మనమే.

మాక్ దగ్గర కథ కాస్త అందంగా మొదలవుతుంది. ఒక ప్రోగ్రాము ఇంకోదానికి పంపే ఆదేశాలైన యాపిల్ ఈవెంట్లు 1991లో సిస్టమ్ 7తో వచ్చాయి, వాటి మీద 1993లో యాపిల్‌స్క్రిప్ట్ వచ్చింది. ప్రోగ్రాములు తమ సొంత డిక్షనరీని, అంటే తమకి అర్థమయ్యే ఆదేశాల పట్టికని, బయటపెట్టి, 'ఈ డాక్యుమెంట్‌ని ఫలానా చోట సేవ్ చెయ్' అని అడిగితే చేసిపెడతాయి, చేయలేకపోతే నంబరుతో సహా ఎర్రర్ చెబుతాయి. రెండు నిమిషాల్లో జవాబు రాకపోతే మైనస్ 1712 అనే ఎర్రర్‌తో ఆగిపోతుంది, పెద్ద ఫైలైతే ఆ గడువు పెంచుకోవచ్చు. జవాబు సంగతి అడిగితే మాత్రం ఇది నిఖార్సైన పద్ధతి. గొడవేంటంటే, డిక్షనరీ ఉన్న ప్రోగ్రాములు తక్కువ, ఉన్నవాటిలోనూ మనకి కావలసిన కమాండే అందులో ఉండదు. అప్పుడు సిస్టమ్ ఈవెంట్స్ అనే మాక్ సహాయక ప్రోగ్రాముని పిలిచి, ఫలానా ప్రాసెస్‌లో, మెనూ బార్ 1లో, 'ఫైల్' మెనూలో, ఫలానా ఐటమ్‌ని క్లిక్ చెయ్ అని చెప్పాలి. విండోస్‌లా కాకుండా ఇక్కడ అంకెల మీద కంటే పేర్ల మీదే నడుస్తుంది బండి.

పేర్ల మీద నడవడం అంటే ఎంత సున్నితమో రెండు ఉదాహరణలు చాలు. టెక్స్ట్‌ఎడిట్‌లో 'ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్' అన్న ఐటమ్ చివర మూడు చుక్కలుంటాయి, తర్వాత డైలాగ్ వస్తుందని చెప్పే గుర్తు అది. అవి మూడు విడి చుక్కలు కావు, మూడూ కలిసిన ఒకే యూనికోడ్ అక్షరం. స్క్రిప్టులో మూడుసార్లు చుక్క కొడితే అలాంటి ఐటమే లేదంటుంది, స్క్రీన్ మీద రెండింటికీ కనిపించే తేడా మాత్రం దాదాపు ఏమీ ఉండదు. మాక్‌లో ఆప్షన్ కీ పట్టుకుని సెమికోలన్ కొడితే ఆ ఒక్క అక్షరం వస్తుంది. రెండో ఉదాహరణ 2022లో వచ్చిన వెంచురా. దశాబ్దాలుగా ప్రతి ప్రోగ్రాము మెనూలోనూ 'ప్రిఫరెన్సెస్' అని ఉన్న ఐటమ్ ఆ వెర్షన్‌తో 'సెట్టింగ్స్' అయిపోయింది. ప్రోగ్రాముల్లో ఏ మార్పూ లేదు, మెనూలో ఒక మాట మారింది, దాన్ని పేరుతో పట్టుకునే స్క్రిప్టులన్నీ ఒక్కసారిగా చచ్చుబడిపోయాయి. సిస్టమ్ భాష మార్చినా ఇదే గతి, జర్మన్‌లో పెట్టిన కంప్యూటర్లో 'ఫైల్' అనే మెనూ ఉండదు, యాపిల్ సొంత ప్రోగ్రాముల్లో 'ఆబ్లాగె' ఉంటుంది. విండోస్ కమాండ్ ఐడీలకి మామూలుగా ఈ భాషల బెడద ఉండదు, అదే వాటి గొప్ప.

ఇక మాక్‌లో పర్మిషన్ల తతంగం. మెనూ నొక్కాలంటే యాక్సెసిబిలిటీ అనుమతి కావాలి, ఇంకో ప్రోగ్రాముకి యాపిల్ ఈవెంట్ పంపాలంటే 2018లో వచ్చిన మొహావీ నుంచి ఆటోమేషన్ అనుమతి వేరేగా కావాలి. ఈ అనుమతులు స్క్రిప్టుకి రావు, స్క్రిప్టుని నడుపుతున్న ప్రోగ్రాముకి వస్తాయి. టెర్మినల్‌కి అనుమతిచ్చి, అందులో నడిపి చూసి, బాగానే ఉందని అదే స్క్రిప్టుని రాత్రిపూట దానంతటదే నడిచేలా, మాక్‌లో పనుల్ని వేళకి నడిపే లాంచ్‌డీకి అప్పగిస్తే పనిచేయదు, ఎందుకంటే ఇప్పుడు నడుపుతున్నది టెర్మినల్ కాదు. అనుమతి అడిగే కిటికీ తెరిచినా, అర్ధరాత్రి 'అలో' నొక్కడానికి ఎదురుగా ఎవరుంటారు? చిన్న అవసరమైతే ఈ గొడవంతా లేకుండా ఇంకో ఉపాయం ఉంది. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో యాప్ షార్ట్‌కట్స్‌కి వెళ్లి మెనూ ఐటమ్ పేరు ఉన్నదున్నట్టు రాసి, నచ్చిన కీలు ఇచ్చుకోవచ్చు. ఒక్క లైను కోడ్ కూడా అక్కర్లేదు, సగం మంది అవసరం దీంతోనే తీరిపోతుంది.

కీల మాట వచ్చింది గనక, అందరూ మొదట ఎత్తుకునే పద్ధతి అదే: కీబోర్డ్ నొక్కినట్టు నటించడం. ఆల్ట్-ఎఫ్, తర్వాత ఎస్, తర్వాత ఎంటర్. ఐదు నిమిషాల్లో రాయొచ్చు, చాలాచోట్ల పనిచేస్తుంది, జవాబు అన్న ప్రశ్నే లేదు. ఆ కీలు ఏ విండోకి వెళ్తాయన్నది ఆ క్షణాన ముందున్నది ఏదన్నదాన్ని బట్టి ఉంటుంది. మధ్యలో ఏదో అప్‌డేట్ నోటీసు ముందుకొచ్చిందంటే ఎంటర్ దానికి పోతుంది. విండోస్‌లో ఇంకో గోడ ఉంది: విస్టా నుంచీ, అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడుస్తున్న విండోకి మామూలు హక్కులున్న స్క్రిప్టు కీలు పంపలేదు. అడ్డం పడితే ఎర్రర్ వస్తుందనుకుంటాం, కానీ కీలు పంపే సెండ్‌ఇన్‌పుట్ ఫంక్షన్ ఈ కారణంగా విఫలమైతే ఆ సంగతి దాని రిటర్న్ విలువలోనూ కనపడదు, చివరి ఎర్రర్ ఏంటో చెప్పే గెట్‌లాస్ట్‌ఎర్రర్‌లోనూ కనపడదు, డాక్యుమెంటేషన్లోనే ఆ మాట రాసిపెట్టారు. స్క్రీన్ లాక్ అయిందంటే కీలు ప్రోగ్రాముదాకా పోవు. టాస్క్ షెడ్యూలర్లో 'యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడుపు' అని పెడితే అసలు కనిపించే డెస్క్‌టాపే ఉండదు, కీలు నొక్కడానికి అక్కడేమీ లేదు. పగలు ఎదురుగా కూర్చుని చూస్తే చక్కగా నడిచే స్క్రిప్టు రాత్రి షెడ్యూల్ చేస్తే చతికిలబడటానికి తొంభై శాతం కారణం ఇదే అనిపిస్తుంది.

లినక్స్‌లో ఈ నటన, తెరమీద విండోలు చూపించే పాత ఏర్పాటైన ఎక్స్11 మీద ఎక్స్‌డూటూల్‌తో హాయిగా సాగేది. దాని స్థానంలోకి వచ్చిన వేలాండ్‌లో ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముకి కీలు పంపడం అనేదే డిజైన్‌లో లేదు, భద్రత కోసం కావాలనే తీసేశారు. వైడూటూల్ లాంటివి యూఇన్‌పుట్ ద్వారా ఏకంగా కెర్నల్‌లోనే ఒక ఉత్తుత్తి కీబోర్డ్ సృష్టించి పని కానిస్తాయి, దానికి హక్కులు కావాలి, ఏ విండో ముందుందో మాత్రం దానికీ తెలియదు.

కానీ మెనూ విషయంలో లినక్స్‌లో ఇంతకంటే మంచి దారి ఉంది, పెద్దగా ఎవరూ వాడరు. జీటీకే అనే టూల్‌కిట్‌తో కట్టిన ప్రోగ్రాములు చాలావరకు తమ మెనూ వెనకున్న యాక్షన్లని, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ మీద బయటపెడతాయి. లిస్ట్ అని అడిగితే పేర్లన్నీ ఇస్తుంది, డిస్క్రైబ్ అంటే ఆ యాక్షన్ ఇప్పుడు వాడుకలో ఉందా ఆరిపోయి ఉందా, ఏ విలువ ఇవ్వాలి అన్నది చెబుతుంది, యాక్టివేట్ అంటే నడుపుతుంది. విండోస్‌లో పాత స్థితి చూసి మోసపోయే సమస్య ఇక్కడ లేదు. కేడీఈ డెస్క్‌టాప్ ప్రోగ్రాములూ అంతే, మెయిన్ విండోని పట్టుకుని ఫలానా యాక్షన్ వెలిగి ఉందా అని అడగొచ్చు, నడపమని చెప్పొచ్చు. అయితే జీటీకే యాక్టివేట్ తిరిగిచ్చేది ఖాళీ జవాబే. ముందు తనిఖీ బాగుంది, తర్వాత కబురు మళ్లీ సున్నా.

ఇక్కడిదాకా వచ్చాక ఒకటి అర్థమవుతుంది. బయటి నుంచి మెనూని తట్టే దారులన్నిటిదీ ఒకటే జబ్బు, ఎందుకంటే మెనూ కమాండ్ అనేదే జవాబు చెప్పడానికి పుట్టలేదు. ఫలితం స్క్రీన్ మీద కనిపిస్తుంది, మనిషి చూసుకుంటాడు అన్న నమ్మకంతో కట్టింది. జవాబు కావాలంటే ప్రోగ్రాము లోపల స్క్రిప్టింగ్ కోసమే కట్టిన తలుపు వెతకాలి. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ దీనికి మంచి ఉదాహరణ. ప్రిఫరెన్సెస్‌లో పైథాన్ టూల్‌టిప్స్ అన్నది పెట్టుకుంటే, మెనూలో ఏ ఐటమ్ మీద మౌస్ పెట్టినా దాని వెనకున్న పైథాన్ ఆపరేటర్ పేరు కనిపిస్తుంది. దాన్ని స్క్రిప్టులో పిలిస్తే 'ఫినిష్డ్' అనో 'క్యాన్సిల్డ్' అనో స్పష్టంగా తిరిగిస్తుంది. సందర్భం సరిపోకపోతే, అంటే ఎడిట్ మోడ్‌లో ఉండాల్సింది ఆబ్జెక్ట్ మోడ్‌లో ఉంటే, పోల్ (ముందస్తు తనిఖీ) ఫెయిలైందని ఎర్రర్ విసురుతుంది. కొత్తవాళ్లకి ఆ ఎర్రర్ చిరాకు తెప్పిస్తుంది గానీ, మసకబారిన ఐటమ్‌ని బయటి నుంచి నొక్కి ఏమీ జరక్కుండా ఉండిపోవడం కంటే ఇది వందరెట్లు మేలు. వీడియో ఎఫెక్టులు చేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇంత లేదు, మెనూ పేరిస్తే కమాండ్ ఐడీ చెప్పే ఫంక్షన్ ఒకటి, ఆ ఐడీని నడిపే ఫంక్షన్ ఒకటి ఉన్నాయి, పేరు దొరక్కపోతే 0 వస్తుంది, అక్కడితో సరి.

లిబ్రెఆఫీస్‌లో దాదాపు ప్రతి మెనూ కమాండ్‌కీ యూనో అనే పేరు ఒకటుంటుంది, కమాండ్లు నడిపే డిస్పాచర్‌కి ఆ పేరిస్తే నడుపుతుంది. కానీ పీడీఎఫ్‌లు తీయడమే పనైతే అంతదూరం కూడా పోనక్కర్లేదు, విండో చూపించని హెడ్‌లెస్ మోడ్‌లో కన్వర్ట్ ఆప్షన్ ఇచ్చి కమాండ్ లైన్ నుంచి ఫోల్డర్ మొత్తం మార్చేయొచ్చు, మెనూ ముఖం చూడక్కర్లేదు. అప్పటికే అదే యూజర్ ప్రొఫైల్‌తో లిబ్రెఆఫీస్ తెరిచి ఉంటే మాత్రం ఇది మొండికేయొచ్చు, స్క్రిప్టుకోసం వేరే ప్రొఫైల్ ఫోల్డర్ చూపించడం క్షేమం.

ఎక్సెల్, వర్డ్ దగ్గర కామ్ ఆటోమేషన్, అంటే బయటి స్క్రిప్టు వాటిని నడిపే ఏర్పాటు, ఉంది. ఇక్కడ కూడా రెండు రకాలుగా వాడొచ్చు. ఎగ్జిక్యూట్‌ఎంఎస్‌ఓ అనే పిలుపుతో రిబ్బన్ బటన్‌ని నొక్కొచ్చు, అప్పుడు మళ్లీ నొక్కినంత మటుకే. లేదా వర్క్‌బుక్ ఆబ్జెక్ట్‌ని పట్టుకుని దాని ఎక్స్‌పోర్ట్ మెథడ్‌కి ఫైలు పేరిచ్చి పిలవొచ్చు, అది పని ముగిశాకే తిరిగొస్తుంది, కాకపోతే ఎర్రర్ ఇస్తుంది. రెండోది ఉండగా మొదటిదాని జోలికి పోవడం దండగ. ఎవరైనా అదే ఎక్సెల్‌లో ఒక సెల్ మీద డబుల్ క్లిక్ చేసి టైపు చేస్తూ ఉంటే మన కాల్‌ని తిరస్కరిస్తుంది, 'కాల్ వాజ్ రిజెక్టెడ్ బై కాలీ' అని వస్తుంది. అది చూసి స్క్రిప్టు పాడైందని హైరానా పడతారు గానీ, కాసేపు ఆగి మళ్లీ అడిగితే చాలు. డిస్‌ప్లేఅలర్ట్స్ ఆపేయడం మర్చిపోతే 'ఇదే పేరుతో ఫైలుంది, మార్చేయనా' అన్న ప్రశ్న దగ్గర అంతా ఆగిపోతుంది. మనిషి ఎదురుగా లేని సర్వర్ మీద ఆఫీస్‌ని ఇలా నడపొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది, కారణాల్లో ఈ డైలాగులు ఒకటి.

లోపలి తలుపు లేని ప్రోగ్రాము చేతికొచ్చిందనుకుందాం. విండోస్‌లో పాత ప్రోగ్రాము, మెనూ ఉంది, స్క్రిప్టింగ్ లేదు. అప్పుడు జవాబుని మనమే కట్టుకోవాలి. ముందు అసలు విండో నిద్రపోతోందా మెలకువగా ఉందా చూడాలి. డైలాగ్ తెరిచి ఉన్నప్పుడు దాని వెనకున్న విండోని డిజేబుల్ చేస్తారు, ఇజ్‌విండోఎనేబుల్డ్ అడిగితే తెలుస్తుంది. ఇది ఎందుకంత ముఖ్యమంటే, డిజేబుల్ అయిన విండో మౌస్‌నీ కీబోర్డ్‌నీ ఆపుతుంది గానీ పోస్ట్‌మెసేజ్‌తో వచ్చే డబ్ల్యూఎం కమాండ్‌ని ఆపదు. మొదటి సేవ్ డైలాగ్ ఇంకా మూయకముందే రెండో కమాండ్ పంపితే ఒకదాని మీద ఇంకో డైలాగ్ తెరుచుకునే ప్రమాదముంది, ఇలాంటి స్థితిని ఆ ప్రోగ్రాము రాసినవాళ్లు కలలో కూడా ఊహించి ఉండరు.

విండో ఖాళీగా ఉందని తేలాక పోస్ట్‌మెసేజ్ పంపి, డైలాగ్ కోసం చూడాలి. మామూలు డైలాగులన్నిటి క్లాస్ పేరూ 32770 అనే అంకెతో ఉంటుంది, ముందొక హాష్ గుర్తు. అది మనం నడుపుతున్న ప్రోగ్రాముదేనా అని ప్రాసెస్ ఐడీతో సరిచూసుకోవాలి, వేరే ప్రోగ్రాముది కావచ్చు. మూడు సెకన్లు స్లీప్ పెట్టి ఆశగా ఎదురుచూడటం కంటే, పదోవంతు సెకనుకోసారి చూస్తూ, గడువు దాటితే ఆపేయడం మంచిది. డైలాగ్ దొరికాక ఫైలు పేరు డబ్బాలో పేరు పెట్టడానికి డబ్ల్యూఎం సెట్‌టెక్స్ట్ ఉంది, ఇంకో ప్రాసెస్‌కి పంపినా విండోసే ఆ అక్షరాల్ని భద్రంగా అటు చేరుస్తుంది. పేరు ఎప్పుడూ పూర్తి పాత్‌తో, ఇంతకుముందు లేని పేరుగా ఇవ్వాలి. అప్పుడు ఏ ఫోల్డర్లో పడిందో అన్న వెతుకులాట ఉండదు, 'ఓవర్‌రైట్ చేయనా' అన్న రెండో డైలాగూ రాదు. తర్వాత ఆ డైలాగ్‌కి 1 అనే ఐడీతో డబ్ల్యూఎం కమాండ్, ఓకే బటన్ ఐడీ 1, క్యాన్సిల్ ఐడీ 2, మామూలు సేవ్ డైలాగ్‌లో సేవ్ బటన్‌దీ 1నే.

డైలాగ్ మూసుకుందంటే పని అయిపోయినట్టు కాదు, రాయడం అప్పుడే మొదలై ఉండొచ్చు. ఫైలు కనిపించేదాకా ఆగాలి, కనిపించాక దాని సైజు వరసగా కొన్నిసార్లు మారకుండా ఉందో లేదో చూడాలి, ఆ ఫైలుని ఇంకెవరూ పట్టుకుని లేకుండా ఒంటరిగా తెరవగలమో లేదో చూడాలి. పీడీఎఫ్ అయితే ఇంకో అడుగు వేయొచ్చు: ఫైలు చివర రెండు పర్సెంట్ గుర్తులు, వాటి పక్కన 'ఈఓఎఫ్' అన్న అక్షరాలు ఉండాలి, లేవంటే మధ్యలో ఆగిపోయినట్టే. వర్డ్, ఎక్సెల్ కొత్త ఫార్మాట్లు నిజానికి జిప్ ఫైళ్లు, జిప్‌గా తెరిచి చూస్తే చాలు సగం రాసినవి బయటపడతాయి.

ఏదైనా ఒక ఫైలు దగ్గర ఈ తనిఖీల్లో ఒక్కటి తప్పినా అక్కడే ఆగాలి. చాలామంది ఎర్రర్‌ని లాగ్‌లో రాసేసి తర్వాతి ఫైలుకి పోయేలా రాస్తారు. వెబ్ పేజీలు దించుకునే స్క్రిప్టుకైతే అది సరిపోతుంది గానీ, ఇక్కడ ప్రోగ్రాము ఏ స్థితిలో ఇరుక్కుందో తెలియకుండా మిగతా కమాండ్లన్నీ దాని మీద కుమ్మరించినట్టవుతుంది. ఆ క్షణాన స్క్రీన్‌షాట్ ఒకటి తీసి, తెరిచి ఉన్న విండోల టైటిల్స్ అన్నీ లాగ్‌లో రాసి, ప్రాసెస్‌ని చంపి, కొత్తగా తెరిచి, అదే ఫైలుని ఇంకోసారి ప్రయత్నించాలి. రెండోసారీ అక్కడే ఆగితే ఆ ఫైలుని పక్కన పెట్టి మనిషికి వదిలేయాలి, ఎక్కువసార్లు ఆ స్క్రీన్‌షాట్‌లో 'ఫాంట్ దొరకలేదు' లాంటి ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్న డైలాగ్ ఒకటి కూర్చుని ఉంటుంది.